కూలి పెంచితే తోట నిలవదా? బాగన్ దాతుక్ నుంచి ఒక పాత ప్రశ్న

కూలి పెంచితే తోట నిలవదన్న వాదన మలయా తోటల్లో వందేళ్లుగా వినపడుతూనే ఉంది. 1920ల చివర్లో అక్కడి భారతీయ కూలీలకు ప్రామాణిక కూలి కట్టారు. మగవాళ్లకు రోజుకు 50 సెంట్లు, ఆడవాళ్లకు 40. మాంద్యం రాగానే అందులో కోత పడింది. 1936 డిసెంబరులో వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి వచ్చి తోటలన్నీ తిరిగి, పాత కూలిని పునరుద్ధరించాలని నివేదిక ఇచ్చారు. 1938లో రబ్బరు ధర పడింది, యజమానులు మళ్లీ కత్తెర పట్టారు. ఆ జూన్‌లో భారత ప్రభుత్వం మలయాకు కూలీల సహాయ వలసను ఆపేసింది. అప్పటి యజమానుల లెక్క సూటిగానే ఉంటుంది. లాభం తగ్గితే పెట్టుబడి రాదు, పెట్టుబడి రాకపోతే తోట ఉండదు, తోట లేకపోతే కూలీకి ఆ నలభై సెంట్లు కూడా దక్కవు. అందరికీ సమానంగా పంచాలని చూస్తే పంచడానికి మిగిలేదే తగ్గిపోతుందన్న మాట.

ఈ వాదనకు పుస్తకరూపం ఇచ్చినవాడు ఆర్థర్ ఓకన్. అమెరికా అధ్యక్షుడు జాన్సన్ హయాంలో ఆర్థిక సలహా మండలికి అధ్యక్షుడుగా పనిచేశాడు. 1975లో రాసిన చిన్న పుస్తకంలో, సమానత్వానికీ సమర్థతకూ మధ్య ఒకటి కావాలంటే ఇంకొకటి కొంత వదులుకోవాల్సిందే అన్నాడు. ధనికుడి దగ్గర తీసిన డబ్బును పేదవాడి దగ్గరికి చిల్లు బకెట్‌లో మోస్తున్నామనీ, దారిలో కొంత కారిపోతుందనీ ఆయన పోలిక. పన్ను కట్టేవాడు పని తగ్గించుకుంటాడు, సాయం అందుకునేవాడికీ పనిమీద ఆసక్తి తగ్గుతుంది, మధ్యలో యంత్రాంగం ఖర్చు ఒకటి. ఎంత కారితే మోయడం మానేస్తారని పాఠకుణ్ని అడిగాడు. చాలామంది మరచిపోయేది ఆయన సొంత జవాబు. పై వరస కుటుంబాల నుంచి అట్టడుగు వరసకు మోసే సందర్భంలో అరవై శాతం దాకా కారినా మోస్తానన్నాడు. ఆ పోలికను సంక్షేమానికి ఎదురు వాడేవాళ్లు ఈ జవాబు దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తారు.

అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1955లో సైమన్ కుజ్నెట్స్ ఇంకో దారి చూపించాడు. దేశం వ్యవసాయం నుంచి పరిశ్రమకు మారేటప్పుడు అసమానత ముందు పెరుగుతుంది, తర్వాత దానంతటదే తగ్గుతుంది అని. తన వ్యాసంలో సమాచారం పాలు అయిదు శాతమైతే మిగతా తొంభై అయిదూ ఊహేనని ఆయనే ఒప్పుకున్నాడు. అయినా కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశాల ప్రణాళికల్లో ఆ ఎక్కి దిగే గీత శాస్త్రంలా చలామణి అయింది. ముందు పెరగనివ్వండి, పంచడం తర్వాత చూద్దాం అనడానికి అది బాగా పనికొచ్చింది.

ఈ రెండు మాటలనూ ఒక నేల మీద పెట్టి చూద్దాం. మలేషియా పెరాక్ రాష్ట్రంలో, పెరాక్ నది సముద్రంలో కలిసేచోట బాగన్ దాతుక్ ఉంది. దక్షిణాన బెర్నామ్ నది, అవతల సెలాంగర్. రెండు నదుల మధ్య పల్లపు బంకనేల, కాలువలు, కట్టలు, కనుచూపు మేరా కొబ్బరి. కోనసీమ వాళ్లు దిగితే ఊరు దాటినట్టే ఉండదు. 2017లో దీన్ని జిల్లా చేశారు. అంతకుముందు హిలిర్ పెరాక్‌లో భాగం. జావా, బంజర్ మూలాలున్న మలయ్ చిన్న రైతులు, చైనీయ జాలర్లు, తోటల్లో తమిళులూ తెలుగువాళ్లూ ఇక్కడి జనం. దిగువ పెరాక్ కొబ్బరి తోటలు మలేషియా తెలుగువాళ్ల పాత నివాసాల్లో ఒకటి. వాళ్ల తాతల పేర్లు చూస్తే ఏ జిల్లావాళ్లో అడగక్కర్లేదు. అప్పలసామి, సింహాచలం, సన్యాసి, పైడమ్మ. ఉత్తరాంధ్ర దేవుళ్లే ఆ పేర్లలో ఉన్నారు.

ఆ ఉత్తరాంధ్రలో అసమానతకూ సంపదకూ సంబంధం ఎలా ఉండేదో చూడకుండా మలయా కథ అర్థం కాదు. 1802లో ఉత్తర సర్కారుల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టారు. విశాఖపట్నం జిల్లాలో ఎక్కువ భాగం విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీల కిందికి పోయింది. రైతు ఎంత పండించినా మిగులు పైకే పోయేది. జమీందారు పెట్టుబడి పెట్టడు, రైతుకు పెట్టే స్తోమత లేదు. కరువు వచ్చినప్పుడల్లా జనం రంగం పోయారు. బర్మా రేవుకు మనవాళ్లు పెట్టుకున్న పేరది. కొందరు కూలీలను కుదిర్చే కంగాణీల వెంట మలయాకు పోయారు. అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. బ్రిటిష్ కాలంలో భూస్వాముల కింద ఉన్న జిల్లాలూ, రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టిన జిల్లాలూ స్వాతంత్ర్యం తర్వాత ఎలా నడిచాయో పోల్చారు. భూస్వామ్య జిల్లాల్లో సాగునీటి పెట్టుబడి, ఎరువుల వాడకం, దిగుబడి తక్కువగా తేలాయి. బడులూ ఆసుపత్రులూ కూడా వెనకబడే ఉన్నాయి. జమీందారీలు రద్దయి దశాబ్దాలు గడిచినా ఆ తేడా పోలేదు. ఓకన్ బకెట్‌కు ఇక్కడ చోటే లేదు. పంపకం సమంగా లేకపోవడమే పంటను తగ్గించింది. బాగన్ దాతుక్‌కు చేరిన తెలుగువాడు అలాంటి నేల నుంచి వచ్చాడు.

వచ్చి చేరింది మాత్రం ఇంకో రకం అసమానతలోకి. జమీందారు పెట్టుబడి పెట్టలేదు, తోట కంపెనీ బాగా పెట్టింది. 1906లో ఓగె వెస్టెన్‌హోల్జ్ అనే డెన్మార్క్ ఇంజనీరు ఈ ప్రాంతంలోనే జెండారాటా రబ్బరు కంపెనీ మొదలుపెట్టాడు. ఇప్పటి యునైటెడ్ ప్లాంటేషన్స్‌కు అదే మూలం. దాని ప్రధాన కార్యాలయం ఇప్పటికీ జెండారాటా తోటలోనే ఉంది. సొంత సన్నగేజి రైలు, సొంత ఆసుపత్రి, శిశుసంరక్షణ కేంద్రాలు, వృద్ధులకు ఒక ఆశ్రమం. ఆయిల్ పామ్ దిగుబడిలో మలేషియాలో పేరున్న కంపెనీ. కొబ్బరి కూడా వేస్తుంది. పెద్ద కమతం, కేంద్రీకృత యాజమాన్యం దిగుబడిని పెంచగలవనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ జిల్లాలో దొరకదు. సమానత్వం గురించి మాట్లాడేవాళ్లం ఈ ఉదాహరణను దాటవేయకూడదు. జమీందారీ తర్కం ప్రతి పెద్ద కమతానికీ అతకదు.

అయితే తోట దిగుబడీ తోట కూలీ బతుకూ ఒకే వేగంతో పెరగలేదు. కొబ్బరి తోటలో వలుపు పని చూస్తే సంగతి తెలుస్తుంది. నేలలో నిలువుగా పాతిన ఇనప బల్లెం ముందు మనిషి నిలబడతాడు. రెండు చేతులా కాయను దాని మీదికి దించి, ఒక్క మెలి తిప్పి, పీచు చీల్చి, మళ్లీ తిప్పుతాడు. మూడు నాలుగు పోట్లకు కాయ బయటికొస్తుంది. చేయి ఒక్క అంగుళం తప్పితే అరచెయ్యి చీలుతుంది. కూలి కాయల లెక్కన. ఎంత చురుకైనవాడైనా ఒంట్లో సత్తువకు ఒక హద్దు ఉంటుంది, ముప్పై అయిదు దాటాక అది ఏటా తగ్గుతుంది. పనిలో అనుభవం పెరిగేకొద్దీ ఆదాయం తగ్గే వృత్తులు ఎక్కువ ఉండవు, ఇది వాటిలో ఒకటి. కూలీ కొడుకు చదువు తోట బడితో ఆగిపోతే, వాడి చేతికీ అదే బల్లెం వచ్చేది.

1969 మే 13 జాతి అల్లర్ల తర్వాత మలేషియా ఈ ప్రశ్నను రాజ్యం స్థాయిలో ఎత్తుకుంది. 1971లో నూతన ఆర్థిక విధానం తెచ్చింది. జాతి ఏదైనా పేదరికం పోగొట్టాలి, ఫలానా జాతికి ఫలానా పని అన్న ముద్ర చెరపాలి. ఇవి రెండు కాళ్లు. 1970లో కంపెనీల వాటా మూలధనంలో విదేశీయులకు 63 శాతం పైన, చైనీయులకు 27 శాతం, భూమిపుత్రులకు, అంటే మలయ్‌లకూ ఇతర స్థానికులకూ, 2.4, భారతీయులకు 1.1. భూమిపుత్రుల వాటాను 1990కల్లా 30 శాతం చేయాలన్నది లక్ష్యం. ఓకన్ పుస్తకం రాకముందే మొదలైన పెద్ద ప్రయోగం ఇది, ఆ పుస్తకంలోని భయాలన్నిటికీ ఇదొక పరీక్ష కూడా.

ఫలితం ఏ పక్షానికీ పూర్తిగా నచ్చదు. 1971 నుంచి 1990 దాకా మలేషియా ఆర్థిక వ్యవస్థ ఏటా సగటున 6.7 శాతం పెరిగింది. 1970లో ద్వీపకల్పంలో సగం ఇళ్లు పేదరిక రేఖ కింద ఉండేవి. 1990కి అది పదిహేను శాతం దగ్గరికి వచ్చింది. అసమానతను కొలిచే జినీ 1970లో 0.513, 1976కి 0.557కు ఎక్కింది, ఆ తర్వాత దిగుతూ 1989కి 0.442. పైకి చూస్తే కుజ్నెట్స్ గీసిన గీతే. కానీ అది దానంతటది దిగలేదు. గ్రామీణ బడులు, పల్లె రోడ్లు, పెనాంగ్‌లో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ పల్లె ఆడపిల్లలకు ఇచ్చిన ఉద్యోగాలు, ఫెల్డా అనే ప్రభుత్వ సంస్థ భూమిలేనివాళ్లకు ఇచ్చిన భూములు కలిసి దాన్ని దించాయి. పంచుతూ పెరిగిన దేశం ఉంటుందనడానికి ఇది సాక్ష్యం. అదే సమయంలో 1975 పారిశ్రామిక సమన్వయ చట్టం చైనీయుల చిన్న పరిశ్రమల పెట్టుబడిని భయపెట్టిందన్నదీ నిజమే. లైసెన్సులు అమ్ముకు బతికే ఒక వర్గం తయారైందని 2010లో ప్రభుత్వం తెచ్చిన నూతన ఆర్థిక నమూనా నివేదికే ఒప్పుకుంది.

ఈ విధానంలోని రెండు చేతులను విడివిడిగా చూడాలి. ఒకటి ఫెల్డా. 1956లో మొదలై, అడవి కొట్టి, ఒక్కో కుటుంబానికి నాలుగు హెక్టార్ల దాకా రబ్బరు, ఆయిల్ పామ్ తోట ఇచ్చింది. మొక్క, ఎరువు, మిల్లు, రోడ్డు అన్నీ ఒక పద్ధతిలో నడిపింది. భూమిలేనివాడు భూమి గలవాడయ్యాడు, దేశానికి ఎగుమతి పెరిగింది. తర్వాతి కాలంలో అప్పులూ రాజకీయాలూ దాన్ని పాడుచేసిన కథ వేరే. తొలి ముప్పై ఏళ్లలో సమానత్వమూ సంపదా ఒకే చెట్టుకు కాశాయి. రెండోది 1981 సెప్టెంబరు 7న లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో జరిగింది. మలేషియా ప్రభుత్వ పెట్టుబడి సంస్థ పీఎన్‌బీ ఒక్క ఉదయంలో వాటాలు కొనేసి గత్రీ కంపెనీని చేతిలోకి తెచ్చుకుంది. దాదాపు రెండు లక్షల ఎకరాల తోటలు స్వదేశానికి వచ్చాయి. జాతీయ గౌరవం పరంగా గొప్ప రోజే. కానీ ఆ తోటల్లో పాలు గీసే మనిషికి మర్నాడు పొద్దున అదే కత్తి, అదే కూలి. యాజమాన్యం లండన్ నుంచి కౌలాలంపూర్‌కు మారితే లెక్కల్లో సమానత్వం పెరిగినట్టే కనిపిస్తుంది. నా దృష్టిలో మలేషియా ప్రయోగంలో ఎక్కువ కారింది ఈ వాటాల బకెట్‌లోనే.

మరి తోట భారతీయుడు ఏ చేతికి అందాడు? ఫెల్డా స్థిరనివాసులు అధికశాతం మలయ్‌లు. వాటాల లక్ష్యం భూమిపుత్రులది. 1990కి భారతీయుల మూలధన వాటా మళ్లీ ఒక్క శాతం దగ్గరే ఉంది. దీనికి చాలా ముందే, యాభయ్యో దశకం చివర తెల్లదొరలు తోటలను ముక్కలు చేసి అమ్ముకుంటుంటే, పెరాక్‌లోని సుంగై సిపుట్ నాయకుడు వి.టి. సంబంధన్ ఒక పని చేశారు. 1960లో జాతీయ భూమి ఆర్థిక సహకార సంఘం పెట్టి, తోటల కూలీల దగ్గర నెలకు పది పది డాలర్ల చొప్పున వాటా డబ్బు పోగుచేశారు. తోటల వరసల్లో తిరిగి ఒక్కొక్కరినీ ఒప్పించారు. ఆ డబ్బుతో మొదట కెడాలో బుకిట్ సిదిమ్ తోటను, తర్వాత ఇంకొన్నిటిని కొన్నారు. నెల కూలిలో పది డాలర్లు అప్పట్లో చిన్న మొత్తమేమీ కాదు. పన్ను లేదు, కోటా లేదు, ఎవరి దగ్గరా లాక్కోలేదు, కారడానికి బకెట్టే లేదు. కూలీల సొంత డబ్బుతో కూలీలే తోట యజమానులయ్యారు. సంఘం ఇప్పటికీ ఉంది. కానీ తోటల భారతీయుల మొత్తంతో పోలిస్తే దాని నీడ చిన్నది. ప్రభుత్వ ప్రణాళికలు అలాంటి సంఘాలకు బ్యాంకు అప్పు తెరిచి ఉంటే ఏమయ్యేదన్నది, ఈ సబ్జెక్టు చదివిన ప్రతిసారీ నన్ను ఆపే ప్రశ్న.

బదులుగా జరిగింది చౌక కూలి. 1969 తర్వాత పౌరసత్వం లేని కూలీలకు పని పర్మిట్ నిబంధన కఠినం చేయడంతో వేలమంది భారతీయులు ఓడెక్కి వెనక్కి పోయారు. ఉన్నవాళ్ల పిల్లలు చదివి పట్నం దారి పట్టారు. ఖాళీ అయిన వరసల్లోకి ఇండోనేషియా నుంచీ, తర్వాత బంగ్లాదేశ్ నుంచీ మనుషులు వచ్చారు. తక్కువ కూలికి మనిషి దొరికినంత కాలం యంత్రం కొనే అవసరం ఎవరికీ రాదు. కూలి పెంచితే తోట నిలవదన్న పాత వాదనకు వెనక వైపు ఇది. కూలి పెరగకపోతే తోట మారదు. యంత్రం రాకపోతే మనిషి ఉత్పత్తి పెరగదు, అది పెరగకపోతే కూలి పెంచే స్తోమత రాదు. దశాబ్దాలుగా తిరుగుతున్న ఈ చక్రం దేశ సంపదకు కూడా నష్టమే. 2020లో అమెరికా కస్టమ్స్ బలవంతపు చాకిరీ అనుమానంతో రెండు పెద్ద మలేషియా కంపెనీల పామాయిల్‌ను రేవుల్లో ఆపింది. అప్పుడు చౌక కూలి ఖరీదు డాలర్లలోనే కనపడింది.

కనీస వేతనం 2013లో గాని రాలేదు. ద్వీపకల్పంలో 900 రింగిట్లు, 2022లో 1500, 2025లో 1700. ప్రతిసారీ తోటలు మూతపడతాయన్నారు. మూతపడిన దాఖలా పెద్దగా లేదు. కానీ వలుపులో, దింపులో కాయల లెక్కన నడిచే పనికి కనీస వేతనం ఎంత కచ్చితంగా అందుతుందో చెప్పడం నెలజీతం పనికి చెప్పినంత తేలిక కాదు.

ప్రపంచ స్థాయిలో పరిశోధకులు ఎక్కడ తేలారు? ఎక్కడా పూర్తిగా తేలలేదు. 1994లో అలెసినా, రోడ్రిక్ కలిసి అసమానత ఎక్కువున్న దేశాలు నెమ్మదిగా పెరుగుతాయని లెక్క చూపారు. ఓటర్లు పన్నులు పెంచమంటారు, పెట్టుబడి తగ్గుతుందన్నది వాళ్ల వివరణ. 2000లో క్రిస్టిన్ ఫోర్బ్స్ మెరుగైన సమాచారాన్ని వేరే పద్ధతిలో చూసి, దేశంలో అసమానత పెరిగాక కొద్దికాలం వృద్ధి కూడా పెరుగుతుందని తేల్చారు. 2003లో బెనర్జీ, డఫ్లో ఇద్దరికీ అడ్డం పడ్డారు. అసమానత ఎటువైపు మారినా, పెరిగినా తగ్గినా, ఆ వెంటనే వృద్ధి తగ్గుతోందని చూపించి, ఈ సమాచారంతో ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు అడగడమే ఎక్కువన్నారు. 2014లో అంతర్జాతీయ ద్రవ్యనిధిలోని ఓస్ట్రీ, బెర్గ్, సంగారిడీస్ నివేదిక ఓకన్ భయాన్ని సూటిగా తాకింది. పంపకం మరీ అతిగా లేనంతవరకూ వృద్ధికి హాని కనపడలేదనీ, తక్కువ అసమానత ఉన్నచోట వృద్ధి ఎక్కువ కాలం నిలుస్తోందనీ. చిల్లు ఉంది, కానీ ఓకన్ భయపడినంత పెద్దది కాదన్నమాట. నా చూపులో వీటన్నిటికన్నా బలమైన ఆలోచన 1993 నాటి గాలర్, జీరా వ్యాసంలో ఉంది. పేదవాడికి అప్పు పుట్టదు కాబట్టి లాభమొచ్చే పెట్టుబడిని కూడా పెట్టలేడు, ఆ పెట్టుబడి దేశానికి దక్కకుండా పోతుంది.

ఈ ఆలోచన బాగన్ దాతుక్ కొబ్బరి రైతుల దగ్గర నేలమీద కనపడుతుంది. మలేషియాలో కొబ్బరికి పేరుబడ్డ జిల్లా ఇది. అయినా దేశం ఇండోనేషియా నుంచి కాయ దిగుమతి చేసుకుంటోంది. 2025 మొదట్లో పచ్చడికీ పాలకూ కాయ దొరకని స్థితి వచ్చింది. చెట్లు ముసలివి. మటాగ్ అనే సంకర పొట్టి రకం వేస్తే మూడు నాలుగేళ్లలో కాపుకొస్తుంది, కాత ఎక్కువ. కానీ హెక్టారో రెండో ఉన్న రైతు ఉన్న చెట్టు కొట్టేసి ఆ మూడేళ్లు ఏం తిని బతకాలి? బ్యాంకు ఆ మూడేళ్లకు అప్పు ఇవ్వదు. పెద్ద కంపెనీ ఒక్కో బ్లాకు చొప్పున మార్చుకుంటూ పోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు శ్రీకాకుళం కొబ్బరి రైతుకు ఎదురైందీ ఇదే. తోట వేయడం తెలుసు, నేల ఉంది, కాపు వచ్చేదాకా నిలబడే డబ్బు లేదు. ఇలాంటి చోట ప్రభుత్వం మొక్కతో పాటు మూడేళ్ల బతుకు ఖర్చు ఇస్తే అది దానమూ కాదు, చిల్లు బకెట్టూ కాదు. కాయ పెరుగుతుంది, రైతు ఇల్లూ నిలబడుతుంది.

నగదు పంపకంలో కూడా మలేషియా చాలా నేర్చుకుంది. జనాన్ని బీ40, ఎం40, టీ20 అని కింది నలభై, మధ్య నలభై, పై ఇరవై శాతాలుగా విడగొట్టి మాట్లాడటం అక్కడ కాఫీ కొట్టులో కూడా మామూలు. 2012లో మూడువేల రింగిట్ల లోపు ఇళ్లకు 500 రింగిట్ల నగదుతో మొదలైన సాయం పేర్లు మార్చుకుంటూ నేటికీ నడుస్తోంది. మరోవైపు పెట్రోలు, డీజిలు రాయితీలో పెద్ద భాగం పెద్ద కార్లవాళ్లకే పోయింది. 2024 జూన్‌లో ద్వీపకల్పంలో డీజిలు రాయితీ ఎత్తి లీటరు 3.35 రింగిట్లు చేశారు. ఇక్కడ ఓకన్ బకెట్ తలకిందులు. చిల్లు పడింది పేదవైపు మోసే దారిలో కాదు, ఉన్నవాడివైపు మోసే దారిలో. వారసత్వ పన్నును మలేషియా 1991లో ఎత్తేసింది, మన దేశం 1985లోనే ఎత్తేసింది. లక్ష రింగిట్లు దాటిన డివిడెండు మీద 2025లో రెండు శాతం పన్ను పెట్టడానికే కౌలాలంపూర్‌లో ఎంతో చర్చ నడిచింది.

కొలత మాటా చెప్పాలి, ఎందుకంటే పై వాదనలన్నీ దానిమీదే నిలబడతాయి. 2019 దాకా మలేషియా పేదరిక రేఖ ఇంటికి నెలకు 980 రింగిట్లు, ఆ లెక్కన పేదలు అర శాతం కూడా లేరు. ఐక్యరాజ్య సమితి ప్రతినిధి ఫిలిప్ ఆల్‌స్టన్ వచ్చి ఈ అంకె నమ్మశక్యం కాదన్నాడు. ప్రభుత్వం మొదట కోపగించింది, 2020లో రేఖను 2,208కి మార్చింది. అదే 2019 సంవత్సరానికి పేదరికం 5.6 శాతమైంది. ఇక జినీ 2022లో 0.404. ఆ అంకెకు ఆధారమైన గృహ ఆదాయ సర్వే 1989 నుంచి మలేషియా పౌరుల ఇళ్లనే లెక్కిస్తోంది. 1920ల చివర్లో యాభై సెంట్ల కూలి కట్టినప్పుడు బాగన్ దాతుక్ తోటలోని తెలుగు కూలీ ఈ దేశపు పౌరుడు కాదు. ఈ వేళ అదే తోటల్లో గెల కోసే ఇండోనేషియా మనిషీ బంగ్లాదేశ్ మనిషీ కాదు. వాళ్ల జీతం మలేషియా స్థూల ఉత్పత్తిలో కలుస్తుంది గాని, మలేషియా అసమానతలో కలవదు.